ప్యూబ్లో ఊళ్ళ బతుకు: ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో

మీరు అడిగినవి మూడు. కాసినోల (జూదశాలల) డబ్బు వచ్చాక కూడా అమెరికా ఆదివాసీల ప్యూబ్లో ఊళ్ళలో కుండలు చేసేవాళ్ళు ఎందుకు మిగిలారు? అరచేతిలో ఇమిడే కుండకు వందల డాలర్లు చెప్పడం న్యాయమేనా? ఆగస్టులో డాలస్ నుంచి కుటుంబంతో సాంటా ఫే వస్తున్నారు కాబట్టి, ఆ ఊళ్ళకు వెళ్తే ఎలా మెలగాలి? మీ బంధువులు కొండపల్లి బొమ్మల పనిలో ఉన్నారనీ, వాళ్ళకు పనికొచ్చే మాట ఏమైనా ఉంటే చెప్పమనీ చివర్లో రాశారు.

న్యూ మెక్సికోలో చాలా ఏళ్ళుగా చేతిపనుల వాళ్ళకు లెక్కలు రాయడం, రుణాల కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి. నేను ప్యూబ్లో మనిషిని కాను. వాళ్ళ పూజల జోలికి ఇక్కడ వెళ్ళను. అది నేను రాయవలసిన విషయం కాదు. డబ్బు ఎలా వస్తుంది, ఎటు పోతుంది, పని ఎలా జరుగుతుంది అన్నది మాత్రం దగ్గరి నుంచి చూశాను.

ముందు ఒక సంగతి సరిచేసుకుందాం. ప్యూబ్లో అన్నది ఒక తెగ పేరు కాదు. న్యూ మెక్సికోలో 19 ప్యూబ్లోలు ఉన్నాయి. టెక్సస్‌లో ఎల్ పాసో దగ్గర ఇస్లెటా డెల్ సూర్ ఉంది. అరిజోనాలోని హోపీ గ్రామాలనూ ఈ వర్గంలోనే చెబుతారు. ఏ ఊరి ప్రభుత్వం ఆ ఊరిదే. భాషలు కూడా వేరు. అకోమా, లగూనా, కోచిటి వంటి ఏడు ఊళ్ళలో కెరెస్, టావోస్, ఇస్లెటాల్లో టీవా, సాన్ ఇల్డిఫోన్సో, సాంటా క్లారాల్లో టేవా, హెమెజ్‌లో టోవా మాట్లాడతారు. జూనీ భాషకైతే మరే భాషతోనూ చుట్టరికం లేదు. కాబట్టి ‘ప్యూబ్లోవాళ్ళు ఇలా చేస్తారు’ అని ఎవరైనా అంటే, నేను అన్నా సరే, ఏ ఊళ్ళో అని అడగండి.

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. ఏది అమ్మవచ్చో, ఏది ఎంత ధర పలికినా అమ్మకూడదో ఈ ఊళ్ళు ముందే తేల్చుకున్నాయి. కళలు నిలిచింది ఆ నిర్ణయం మీద. మార్కెట్టు, పర్యాటకం, ప్రభుత్వ గ్రాంటులు దాని తరువాతే.

టావోస్ బ్లూ లేక్ కథ వింటే ఇది అర్థమవుతుంది. టావోస్ ఊరికి పవిత్రమైన ఆ సరస్సునూ, చుట్టూ ఉన్న కొండలనూ 1906లో ప్రభుత్వం జాతీయ అరణ్యంలో కలిపేసుకుంది. ఊరివాళ్ళు దశాబ్దాల పాటు పోరాడారు. నేలను అన్యాయంగా తీసుకున్నారని 1965లో ఆదివాసీల దావాలు విచారించే ఇండియన్ క్లెయిమ్స్ కమిషన్ తేల్చింది. కానీ ఆ కమిషన్‌కు పరిహారం ఇప్పించే అధికారమే ఉంది, భూమి తిరిగి ఇప్పించే అధికారం లేదు. టావోస్ పెద్దలు డబ్బు వద్దన్నారు. మా సరస్సు మాకు ఇవ్వండి అన్నారు. 1970 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో సుమారు 48,000 ఎకరాలు ఊరి చేతికి తిరిగి వచ్చాయి. చేతిలో డబ్బు లేని ఊరు పరిహారాన్ని కాదనడం చిన్న విషయం కాదు.

అంతకు ముందు 1922లో బర్సమ్ బిల్లు వచ్చింది. ప్యూబ్లో భూముల్లో స్థిరపడ్డ బయటివాళ్ళకు హక్కులు కట్టబెట్టే బిల్లు అది. వేర్వేరు భాషల ఊళ్ళు ఒకచోట కూడి దాన్ని ఓడించాయి. ఈ రోజుకీ ప్యూబ్లో భూమిలో చాలా భాగం ఊరి ఉమ్మడి ఆస్తి. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉంటుంది, బయటివాళ్ళకు అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. చాలా ఊళ్ళలో గవర్నరును ఏటా మతపెద్దలే నియమిస్తారు. లగూనా, ఇస్లెటా, సాంటా క్లారా వంటి చోట్ల రాజ్యాంగం, ఎన్నికలు ఉన్నాయి. పదవికి గుర్తుగా గవర్నరు చేతిలో కర్రలు ఉంటాయి. వాటిలో వెండి పిడి ఉన్నది అబ్రహాం లింకన్ కాలంలో ఇచ్చినది.

భూమి చేజారకుండా కాపాడిన ఈ ఏర్పాటే నా వృత్తిలో పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. కుండలు చేసే ఒకావిడ పనిచేసుకునే గదికి పైకప్పు వేయించుకోవాలనుకుంటుంది. ఇల్లు ఆవిడదే, నేల ఊరిది. తాకట్టు పెట్టడానికి ఏమీ ఉండదు. జీతం చీటీ ఉండదు. ఆదాయం చూపమంటే, ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఆగస్టులో సాంటా ఫే సంత జరిగే రెండు రోజుల్లో వచ్చినట్టు ఉంటుంది, మిగతా నెలలు దాదాపు ఖాళీ. బ్యాంకు కంప్యూటర్ ఆ దరఖాస్తును నిమిషంలో తోసేస్తుంది. ఊరి ప్రభుత్వం ఇచ్చే దీర్ఘకాలపు లీజును ఆధారం చేసుకుని ఇంటి రుణం ఇచ్చే కేంద్ర పథకం ఒకటి ఉంది. చేతిపనుల వాళ్ళ లెక్క అర్థం చేసుకుని చిన్న మొత్తాలు ఇచ్చే స్థానిక సంస్థలూ ఉన్నాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఒకటే: ప్రతి కుండకూ ఫోటో, కొలత, అమ్మిన తేదీ, ధర రాసి ఉంచండి. మూడేళ్ళ పుస్తకం చేతిలో ఉంటే రుణం ఇచ్చేవాడి గొంతు మారుతుంది.

ఇక కాసినోలు. 1988లో వచ్చిన కేంద్ర చట్టం వీటికి ఆధారం. న్యూ మెక్సికోలో 1990లలో రాష్ట్రంతో ఒప్పందాలు కుదిరాయి. ఇక్కడ బయట చాలామందికి ఉన్న అపోహలు రెండు. ఒకటి, అన్ని ఊళ్ళకూ కాసినోలు ఉన్నాయనుకోవడం. సాండియా, ఇస్లెటా, సాంటా ఆనా వంటి హైవే పక్క ఊళ్ళకు ఉన్నాయి. జూనీ, జియా, హెమెజ్, కోచిటిలకు లేవు. రెండు, ఆ డబ్బంతా ఇంటింటికీ పంచుతారనుకోవడం. కాసినో యజమాని ఊరి ప్రభుత్వం. లాభాన్ని పరిపాలనకు, ఊరి సంక్షేమానికి, ఆర్థికాభివృద్ధికి, దానధర్మాలకు, చుట్టుపక్కల స్థానిక సంస్థలకు వాడాలని చట్టమే చెబుతుంది. మనుషులకు నేరుగా పంచాలంటే కేంద్రం ఆమోదించిన ప్రణాళిక ఉండాలి.

ఆ డబ్బు ఎటు పోతుందన్నదే అసలు విషయం. సాంటా ఆనా ఊరు రియో గ్రాండే ఒడ్డున పెద్ద రిసార్టు కట్టించింది. నీలి మొక్కజొన్న పండించి పిండి పట్టించి అమ్ముతుంది, నది ఒడ్డున సొంత చెట్ల జాతులను తిరిగి నాటుతుంది. పొహ్వాకీ మరీ ఆశ్చర్యం. 20వ శతాబ్దం మొదట్లో దాదాపు ఖాళీ అయిపోయిన ఊరు అది. 1930లలో కొన్ని కుటుంబాలు తిరిగి వచ్చి నిలబెట్టాయి. ఇప్పుడు ఊరి వ్యాపారాల ఆదాయంతో పోయే అనే సాంస్కృతిక కేంద్రాన్ని నడుపుతున్నారు. టేవా ఊళ్ళ నుంచి ఎప్పుడో వెళ్ళిపోయిన పాత కుండలు నూరు, 2019లో స్మిత్‌సోనియన్ మ్యూజియం నుంచి దీర్ఘకాలపు ఏర్పాటు మీద అక్కడికి వచ్చాయి. గాజు పెట్టెల వెనుక చూడటానికి తెచ్చినవి కావు అవి. ఇప్పటి కుమ్మరులు వాటి అంచు ఎంత మందం, బరువు ఎక్కడ నిలుస్తుంది, లోపలి గోడ ఎలా గీరారు అన్నది చూసి నేర్చుకోవడానికి వచ్చాయి. కాసినోలు, వ్యాపారాలు కళను చంపేస్తాయి అనేవాళ్ళు ఒకసారి అక్కడికి వెళ్ళి రావాలి.

అభివృద్ధి పేరుతో వచ్చినదంతా మేలు చేసిందని కూడా అనను. లగూనా ఊరి నేలలో 1953 నుంచి 1982 వరకు జాక్‌పైల్ యురేనియం గని నడిచింది. ఒక దశలో ప్రపంచంలోనే అతి పెద్ద యురేనియం బహిరంగ గనుల్లో అది ఒకటి. వందల కుటుంబాలకు మంచి జీతాలు వచ్చాయి. పశువులు, పొలాలు, కుండలు వెనక్కి పోయాయి. గని మూతపడిన రోజున ఉద్యోగాలు పోయాయి, పగాటె అనే పల్లె అంచున తవ్విన గుంతలు మాత్రం మిగిలాయి. లగూనా సొంత నిర్మాణ సంస్థను పెట్టుకుని ఆ గుంతలు పూడ్చే పని తానే చేపట్టింది, ఆ అనుభవంతో బయట కాంట్రాక్టులూ సంపాదించింది. అంతటి ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. అయినా 2013లో ఆ చోటును కేంద్రం అత్యంత కలుషిత ప్రదేశాల జాబితాలో చేర్చవలసి వచ్చింది. కోచిటిలో 1960, 70లలో ఆనకట్ట కట్టాక ఊటనీరు ఎగదన్ని పొలాలు ఊబిగా మారాయి. వ్యవసాయం ఆగినప్పుడు పొలంలో పిల్లలు వినే భాష కూడా తగ్గిపోయింది. తరువాత అక్కడ చిన్నపిల్లలకు పూర్తిగా కెరెస్‌లోనే మాటలు నేర్పే బడి మొదలైంది. భాషను రాతలో పెట్టకూడదన్నది అక్కడి పెద్దల నిర్ణయం కాబట్టి పుస్తకాలు లేవు. పెద్దవాళ్ళు పిల్లల పక్కన కూర్చుని మాట్లాడవలసిందే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, కుండ ధర. సాన్ ఇల్డిఫోన్సో, సాంటా క్లారాల నల్లకుండ ఎలా తయారవుతుందో చెబుతాను, ధర సంగతి మీరే తేల్చుకోండి.

మన్ను కొనరు. ఊరి నేలలో, తరతరాలుగా తవ్వే చోటనే తవ్వి తెస్తారు. తీసుకునే ముందు నేలతల్లికి మొక్కుకుంటారు, కావలసినంతే తీస్తారు. ఎండబెట్టి, నానబెట్టి, రాళ్ళూ వేళ్ళూ పోయేలా జల్లించి, అగ్నిపర్వతపు బూడిద కలిపి మెదుపుతారు. బూడిద పాలు తప్పితే కుండ కాలేటప్పుడు పగులుతుంది. అకోమాలో బూడిదకు బదులు పాత కుండపెంకులు దంచి పొడిచేసి కలుపుతారు. ముత్తవ్వల నాటి కుండ ముని మనవరాలి కుండ గోడలో కలిసిపోతుంది.

కుమ్మరి సారె వాడరు. లోతులేని చిప్పలో అడుగు భాగం పెట్టి, మట్టిని తాడులా పేని చుట్టమీద చుట్ట వేస్తూ గోడ లేపుతారు. సొరబుర్ర పెంకుతో లోపలా బయటా గీరి పలచన చేస్తారు. నీడలో ఆరాక గరుకు పోయేలా రుద్దుతారు. ఎర్రమట్టిని నీళ్ళలో పలచగా కలిపి పూత పూస్తారు. ఆ చెమ్మ ఆరేలోపు నున్నని రాతితో మెరుగు పెట్టాలి. మొదలుపెడితే మధ్యలో లేవకూడదు. ఫోను మోగినా, తలుపు కొట్టినా చేతులు ఆగవు, ఎందుకంటే పూత ఆరితే గీతలు పడతాయి, మళ్ళీ మొదటి నుంచి రుద్దుకోవాలి. ఆ రాళ్ళు తల్లి నుంచి కూతురికి వస్తాయి. ఒకావిడ తన రాయిని నా చేతిలో పెట్టింది. కోడిగుడ్డు కన్నా చిన్నది. ఒకవైపు బొటనవేలు ఆనే చోట పల్లం పడి ఉంది. ఆవిడ అమ్మమ్మ వేలు చేసిన పల్లం అది.

కాల్చడానికి ఆవం అనే కట్టడం ఉండదు. ఆరుబయట గాలిలేని ఉదయం చూసుకుంటారు. ఇనుప చట్రం మీద కుండలు బోర్లించి, కింద దేవదారు చీలికలు, చుట్టూ రేకులు, ఆపైన ఆవు పిడకలు పేరుస్తారు. మంట బాగా అందుకున్నాక, సరైన సమయం చూసి మెత్తటి గుర్రపు పేడపొడి కుమ్మరించి మంటను కప్పేస్తారు. గాలి అందక పొగ లోపలే సుడి తిరుగుతుంది, ఎర్రని కుండ నల్లగా మారుతుంది. కప్పకపోతే అదే కుండ ఎర్రగానే వస్తుంది. వేడి మరీ పెరిగితే మెరుగు చచ్చిపోతుంది. గోడలో చెమ్మ మిగిలి ఉంటే కుండ పేలుతుంది, పక్కనున్న వాటినీ దెబ్బ తీస్తుంది. వారాల పని అర నిమిషంలో పోతుంది. ధరలో అలా పోయిన కుండల కష్టం కూడా కలిసే ఉంటుంది. నేను లెక్కలు రాసే కుటుంబాల్లో మట్టి తవ్వడం నుంచి గంటలు లెక్కవేస్తే, చాలామందికి గంటకు గిట్టేది మామూలు ఉద్యోగం జీతం కన్నా తక్కువ.

మెరిసే నలుపు మీద మెరుపులేని నలుపుతో బొమ్మలు గీసే పద్ధతిని 1919 ప్రాంతంలో సాన్ ఇల్డిఫోన్సోకు చెందిన మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్ రూపొందించారు. ఆమె కుండ చేస్తే, ఆయన మెరుగు మీద మెరుపులేని పూతతో అవాన్యు అనే నీటి సర్పాన్నీ, ఈకల వరుసలనూ గీసేవాడు. తవ్వకాల్లో దొరికిన పాత పెంకులను చూసి అలాంటి కుండ చేయగలరా అని పురావస్తు పరిశోధకులు అడగడంతో ఆ దారిలో పడ్డారు. పేదరికంతో, ఇన్‌ఫ్లుయెంజాతో చితికిన ఊరు అది. మరియా తన పద్ధతిని దాచుకోలేదు, ఊళ్ళో అందరికీ నేర్పింది. సంతకం ఉంటే ధర ఎక్కువ పలుకుతుందని వ్యాపారులు చెప్పాక తన కుండల మీద సంతకం పెట్టడం మొదలుపెట్టింది. పొరుగింటి ఆడవాళ్ళు అడిగితే వాళ్ళ కుండల మీద కూడా తన పేరు రాసిచ్చేది. సేకర్తలకు తలనొప్పి తెచ్చిన పని అది. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికన్నా నచ్చిన పని అదే. పేరు వల్ల వచ్చే లాభం ఊరిదని ఆమె అనుకుంది.

సంప్రదాయం అంటే పాతది మార్చకుండా చేయడమే అనుకోకండి. 1964లో కోచిటికి చెందిన హెలెన్ కోర్డెరో, కథలు చెప్పే తన తాతను తలచుకుని, ఒంటినిండా పిల్లలు ఎక్కిన తాత బొమ్మను చేసింది. ఇప్పుడు ఎన్నో ఊళ్ళలో కథకుల బొమ్మలు చేస్తున్నారు. అమ్మడానికి చేసిన కొత్త రూపం అది, దానివల్ల ఎన్నో ఇళ్ళు నడుస్తున్నాయి.

అమ్మకూడనివి మళ్ళీ వేరు. అకోమా ఊరికి చెందిన ఒక పవిత్రమైన డాలు దొంగతనంగా దేశం దాటి 2016 నాటికి పారిస్‌లో వేలానికి వచ్చింది. అకోమా చట్టం ప్రకారం అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఎవరికీ అమ్మే హక్కు లేదు. ఊరు గట్టిగా నిలబడితే వేలం ఆగింది, 2019లో డాలు ఇంటికి చేరింది. ఇలాంటి వస్తువులు విదేశాలకు పోకుండా 2022 చివర్లో కేంద్రం కొత్త చట్టం చేసింది. న్యూ మెక్సికో జెండా మీది ఎర్రని సూర్యుడు జియా ఊరి గుర్తు. ఒక పాత కుండ మీది నుంచి తీసుకుని 1925లో జెండా మీద పెట్టారు. జియాను ఎవరూ అడగలేదు. ఊరు ఇప్పటికీ దాన్ని నిలదీస్తూనే ఉంది.

నకిలీల బాధ మాత్రం రోజువారీది. 1990 నాటి చట్టం ప్రకారం ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్ళు చేసినట్టు అమ్మడం నేరం. మొదటిసారికే 2,50,000 డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ళ వరకు జైలు ఉండవచ్చు. అయినా ఫిలిప్పీన్స్‌లో తయారు చేయించిన నగలను ఇక్కడ ఆదివాసీ నగలుగా అమ్మిన కేసు 2015లో బయటపడింది. జూనీలో ఎన్నో కుటుంబాలు రాళ్ళు పొదిగే నగల మీద బతుకుతాయి. పదోవంతు ధరకు నకిలీ దొరికితే ముందు దెబ్బ తినేది వాళ్ళే.

కొండపల్లి సంగతికి వస్తే, భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. కానీ బొమ్మకు ప్రాణం తెల్ల పొణికి కర్ర, అది దొరకడమే కష్టమవుతోంది. సాంటా క్లారా కుమ్మరికి మన్ను ఎవరి దయ మీదా ఆధారపడి రాదు, నేల ఊరిది. మీ బంధువుల సంఘం పొణికి చెట్ల పెంపకాన్ని, కోత హక్కును సమష్టిగా సంపాదించుకోగలిగితే, అది ఎన్ని ప్రదర్శనల కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. రెండోది, సంతకం. చేసినవారి పేరు, ఏడాది బొమ్మ అడుగున ఉండేలా చూడమనండి.

మీ ప్రయాణానికి వద్దాం. సాంటా ఫేలో ఆదివాసీ కళాకారుల సంత, ఇండియన్ మార్కెట్, ఆగస్టు మూడో వారాంతంలో జరుగుతుంది. 1922లో మొదలైంది, వెయ్యిమంది దాకా కళాకారులు వస్తారు. గదులు ఇప్పుడే చూసుకోండి. అప్పుడు కుదరకపోతే, సాంటా ఫే నడుమ పాత గవర్నర్ల భవనం వసారాలో దాదాపు ప్రతిరోజూ కళాకారులు దుప్పట్లు పరిచి కూర్చుంటారు. అక్కడ అమ్మేవాళ్ళు, లేదా వాళ్ళ ఇంటివాళ్ళు, స్వయంగా చేసినవే అమ్మాలి. చేసినవారి గుర్తు వస్తువు మీద ఉండాలి. ఆల్బుకర్కీలో 19 ప్యూబ్లోలు కలిసి 1976లో తెరిచిన సాంస్కృతిక కేంద్రంతో మొదలుపెడితే పిల్లలకు అన్నీ తేలికగా అర్థమవుతాయి. అకోమాలో మెట్ట మీది పాత ఊరికి వాళ్ళ గైడుతోనే వెళ్ళాలి. టావోస్ పాత గోడల లోపల ఈనాటికీ కరెంటు లేదు, జనం మాత్రం ఉన్నారు. అవి ఇళ్ళు, తలుపు తీసి ఉన్నంత మాత్రాన లోపలికి తొంగి చూడకండి.

ఆగస్టు 4న శాంటో డొమింగోలో మొక్కజొన్న నాట్యం ఉంటుంది, 12న సాంటా క్లారాలో, 15న జియాలో ఊరి పండుగలు. బయలుదేరే ముందు ఫోను చేసి బయటివాళ్ళను రానిస్తున్నారో లేదో కనుక్కోండి. నాట్యం అంటే ప్రదర్శన కాదు, పూజ. చప్పట్లు కొట్టకూడదు, ఫోటోలు తీయకూడదు, ఫోను బయటికి తీస్తే లాక్కోవచ్చు కూడా. స్పానిష్‌వాళ్ళు వీళ్ళ పూజలను నిషేధించి, పూజారులను కొరడాలతో కొట్టించారు. 1680 ఆగస్టు 10న పోపే అనే ప్యూబ్లో పెద్ద నాయకత్వంలో చాలా ఊళ్ళు ఒకేసారి తిరగబడి వాళ్ళను 12 ఏళ్ళపాటు వెళ్ళగొట్టాయి. దాచుకోవడం ప్రాణాలు కాపాడిన చోట కెమెరా వద్దంటే కారణం అడగకూడదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్ళండి, తినండి, కృతజ్ఞత చెప్పి త్వరగా లేవండి, మీ వెనక మరొకరు నిలబడి ఉంటారు.

కొనేటప్పుడు బేరం చేయకండి. మట్టి ఏ ఊరిదో, ఆరుబయట పిడకలతో కాల్చారా, కరెంటు బట్టీలో కాల్చారా అని మర్యాదగా అడగవచ్చు, నిజాయితీపరులు చెబుతారు. చేసినవారి పేరు, ఊరు, ఏడాది రాసిన చీటీ తీసుకోండి. ఇంటికి చేరాక నల్లకుండలో నీళ్ళు పోయకండి, తడిగుడ్డతో తుడవకండి. చెమ్మ తగిలితే ఆ మెరుగు పోతుంది, మళ్ళీ రాదు. పొడి మెత్తటి బట్ట చాలు.